ఇంజనుకు పేరైన రుడాల్ఫ్ డీజిల్

బావి గట్టున నిలిచి నీరు తోడే ఇంజను, వడ్లు ఆడే మిల్లు, సరుకులు మోసే లారీ, ఊరూరా తిరిగే బస్సు, సముద్రంపై సాగే ఓడ - వీటిలో చాలావాటిని నడిపినది, నేటికీ నడుపుతున్నది ఒకే రకమైన యంత్రం. దాని పేరు డీజిల్ ఇంజను. అందులో పోసే నూనెను కూడా మనం డీజిల్ అనే అంటాం. పెట్రోలు బంకు దగ్గర ఈ మాట రోజూ చెవిన పడుతూనే ఉంటుంది. అయితే అది ఒక మనిషి పేరని ఎరిగినవారు తక్కువ. ఆ మనిషి పూర్తి పేరు రుడాల్ఫ్ డీజిల్. ఆయన కనిపెట్టిన యంత్రం లోకమంతా వ్యాపించింది. ఆయన మాత్రం అప్పుల పాలై, యాభై అయిదేళ్ల వయసులోనే సముద్రంలో అంతర్ధానమయ్యాడు. ఆయన ఆశించిన వాటిలో కొన్ని నెరవేరాయి, కొన్ని నేటికీ మిగిలి ఉన్నాయి.

రుడాల్ఫ్ 1858 మార్చి 18న ఫ్రాన్సు రాజధాని పారిస్ నగరంలో జన్మించాడు. ఆయన తల్లిదండ్రులు జర్మన్లు. తండ్రి థియోడర్ ఆగ్స్‌బర్గ్ నుండి, తల్లి ఎలీస్ న్యూరెంబర్గ్ నుండి బతుకుదెరువు కోసం వచ్చి పారిస్‌లో స్థిరపడ్డారు. తండ్రిది మొదట పుస్తకాలు బైండు చేసే వృత్తి. తరువాత తోలు వస్తువులు తయారుచేసేవాడు. ఇల్లు, పని ఒక్కచోటే. ముగ్గురు పిల్లలలో రుడాల్ఫ్ రెండవవాడు. తండ్రి చేసిన సామగ్రిని చిన్న తోపుడు బండిలో పెట్టుకొని నగర వీధుల్లో తిరిగి, వాడుకదారుల ఇళ్లకు చేర్చడం ఆ బాలుని వంతు. ఇంట్లో జర్మన్, వీధిలో ఫ్రెంచి. ఆ విధంగా రెండు భాషల నడుమ అతడు పెరిగాడు.

వారి ఇంటికి దగ్గరలోనే యంత్రాల ప్రదర్శనశాల ఒకటి ఉండేది. పాతకాలపు యంత్రాలు, నమూనాలు, పనిముట్లు అందులో భద్రపరచి ఉంచేవారు. పద్దెనిమిదవ శతాబ్దంలో కున్యో అనే ఫ్రెంచి ఇంజనీరు ఆవిరితో నడిచేటట్లు తయారుచేసిన బండి కూడా అక్కడే ఉంది. తీరిక దొరికితే చాలు, రుడాల్ఫ్ అక్కడికి పరుగెత్తేవాడు. యంత్రాల ఎదుట కూర్చొని వాటి బొమ్మలు గీసుకొనేవాడు. బడిలోనూ చురుకైన విద్యార్థి. పన్నెండవ ఏట అతనికి కంచు పతకం బహుమతిగా లభించింది. పారిస్‌లోనే పై తరగతుల్లో చేరడానికి సిద్ధమయ్యాడు.

సరిగ్గా అప్పుడే ఆ కుటుంబానికి కష్టకాలం వచ్చింది. 1870లో ఫ్రాన్సుకూ ప్రష్యాకూ యుద్ధం మొదలైంది. పారిస్‌లోని జర్మన్లందరూ నగరం విడిచిపోవలసి వచ్చింది. ఏళ్ల తరబడి కూడబెట్టుకున్నదంతా వదిలి, డీజిల్ కుటుంబం ఇంగ్లండు చేరి లండన్‌లో తలదాచుకుంది. అక్కడ పని దొరకడమే కష్టమైంది. పిల్లవాని చదువు ఆగిపోకూడదని తల్లి గట్టిగా తలచింది. పన్నెండేళ్ల రుడాల్ఫ్‌ను ఆగ్స్‌బర్గ్‌లోని బంధువుల ఇంటికి పంపించింది. యుద్ధం జరుగుతున్న రోజుల్లో ఆ బాలుడు ఒంటరిగా అంతదూరం ప్రయాణం చేశాడు.

ఆగ్స్‌బర్గ్‌లో అతనిని చేరదీసిన క్రిస్టోఫ్ బార్నికెల్ గణితం బోధించే ఉపాధ్యాయుడు. ఆ దంపతులు రుడాల్ఫ్‌ను సొంత బిడ్డలాగా చూసుకున్నారు. పుట్టిన ఊరిలో జర్మన్ బాలుడని అన్యుడుగా చూడబడినవాడు, తల్లిదండ్రుల ఊరిలో పారిస్ నుండి వచ్చిన కొత్తవాడయ్యాడు. అయినా చదువు మీద మనసు నిలిపాడు. పద్నాలుగవ ఏటనే తాను ఇంజనీరు కాదలచినట్లు తల్లిదండ్రులకు ఉత్తరం వ్రాశాడు. 1873లో తరగతిలో ప్రథముడుగా నిలిచి, ఆ ఊరి పారిశ్రామిక పాఠశాలలో చేరాడు. మరి రెండేళ్లకు మ్యూనిక్ నగరంలోని సాంకేతిక విద్యాలయంలో విద్యార్థివేతనం లభించింది. తల్లిదండ్రులు త్వరగా సంపాదనలో పడమని కోరినా, ఆ అవకాశాన్ని అతడు వదులుకోలేదు.

మ్యూనిక్‌లో అతనికి కార్ల్ ఫాన్ లిండే గురువుగా లభించాడు. శీతలీకరణ యంత్రాలను రూపొందించి పేరు పొందిన శాస్త్రజ్ఞుడాయన. ఒకనాడు ఆయన ఉష్ణగతి శాస్త్రం బోధిస్తూ ఆవిరి యంత్రాల సంగతి వివరించాడు. ఆ కాలంలో కర్మాగారాలు, రైళ్లు, ఓడలు అన్నీ ఆవిరి యంత్రాలతోనే నడిచేవి. అయితే బొగ్గును మండించగా పుట్టిన వేడిలో నూటికి పది పాళ్లు కూడా సాధారణంగా పనికి వచ్చేవి కావు. తక్కిన తొంభై పాళ్లూ పొగ గొట్టంలోనూ, చల్లారిన ఆవిరిలోనూ వృథా అయ్యేవి. భూమిలో నుండి శ్రమపడి తవ్వి తెచ్చిన బొగ్గు ఈ విధంగా నష్టం కావడం రుడాల్ఫ్ మనసులో నాటుకుపోయింది. వేడిని ఇంతగా పోగొట్టని యంత్రాన్ని నిర్మించడమే తన జీవిత లక్ష్యమని అప్పుడే నిశ్చయించుకున్నాడు.

1879లో చివరి పరీక్షల సమయానికి రుడాల్ఫ్ టైఫాయిడ్ జ్వరంతో మంచం పట్టాడు. మరల పరీక్షలు జరిగేవరకు కాలం వృథా చేయక, స్విట్జర్లాండులోని వింటర్‌టూర్‌లో ఒక యంత్రాల కర్మాగారంలో పనిచేసి చేతి అనుభవం సంపాదించాడు. 1880 జనవరిలో అత్యున్నత శ్రేణిలో ఉత్తీర్ణుడయ్యాడు. వెంటనే గురువైన లిండే ఆయనను పారిస్‌కు పంపి, తన ఐసు కర్మాగారం నిర్మాణంలో సహాయకునిగా నియమించాడు. ఏడాది తిరగకుండానే రుడాల్ఫ్ ఆ కర్మాగారానికి అధిపతి అయ్యాడు. 1883లో మార్తా ఫ్లాషేను వివాహమాడాడు. వారికి ఇద్దరు కుమారులు, ఒక కుమార్తె కలిగారు. 1890లో ఆయన కుటుంబంతో బెర్లిన్ చేరాడు.

ఉద్యోగం సాగుతూ ఉన్నా ఆయన మనసు కొత్త యంత్రం మీదనే ఉండేది. మొదట నీటి ఆవిరికి బదులు అమ్మోనియా ఆవిరితో ఇంజను నడపాలని చాలాకాలం ప్రయోగాలు చేశాడు. అది ఫలించలేదు. దాని నుండి నేర్చుకున్నదానితో మరొక దారి పట్టాడు. ఆయనను ముందుకు నడిపిన ఆలోచన మరొకటి కూడా ఉంది. ఆవిరి యంత్రం పెద్దది. దానికి బాయిలరు కావాలి, ఎత్తయిన పొగ గొట్టం కావాలి, బొగ్గు గుట్టలు కావాలి. అంత పెట్టుబడి ధనవంతులకే సాధ్యం. నేతగాడు, వడ్రంగి, కమ్మరి వంటి చిన్న పనివారు పెద్ద కర్మాగారాల ముందు నిలువలేక కూలీలుగా మారిపోతున్నారు. తక్కువ ఖర్చుతో నడిచే చిన్న యంత్రం ఉంటే వారు తమ ఇంటనే, తమ ఊరిలోనే గౌరవంగా బతకగలరని రుడాల్ఫ్ తలచాడు. తండ్రి తోలు పని చూస్తూ పెరిగిన ఆయనకు ఆ వృత్తుల కష్టం తెలియనిది కాదు.

ఆయన ఆలోచన ఏమిటో సైకిలు పంపు సాయంతో గ్రహించవచ్చు. టైరులోకి గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం వేడెక్కుతుంది. గాలిని ఇరుకు స్థలంలోకి బలంగా నొక్కితే దాని ఉష్ణోగ్రత పెరగడమే అందుకు కారణం. గాలిని ఇంకా ఎన్నో రెట్లు నొక్కితే అది నిప్పు కంటే తీసిపోనంత వేడి అవుతుంది. డీజిల్ ఇంజను సిలిండరులో పిస్టను గాలిని ఈ విధంగానే నొక్కుతుంది. గాలి దాదాపు 500 డిగ్రీల సెంటీగ్రేడుకు, కొన్ని ఇంజనులలో అంతకు మించి వేడెక్కుతుంది. ఆ సమయంలో నూనెను సన్నని తుంపరగా లోపలికి చిమ్ముతారు. అగ్గిపుల్ల గాని, విద్యుత్తు నిప్పురవ్వ గాని లేకుండానే నూనె అంటుకుంటుంది. వ్యాకోచించిన వాయువులు పిస్టనును బలంగా వెనుకకు తోస్తాయి. ఎంత ఎక్కువగా నొక్కితే అంత ఎక్కువ భాగం వేడి పనిగా మారుతుంది. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ అవసరం, డీజిల్ ఇంజనుకు అది అక్కరలేదు.

ఈ సూత్రంపై 1892లో రుడాల్ఫ్ జర్మనీలో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. మరుసటి సంవత్సరం పేటెంటు లభించింది. అదే సంవత్సరం తన సిద్ధాంతాన్ని వివరిస్తూ ఒక గ్రంథం ప్రచురించాడు. కాగితం మీది లెక్కలను ఇనుముగా మార్చేవారు కావలసి వచ్చింది. ఆగ్స్‌బర్గ్ యంత్ర కర్మాగారానికి అధిపతి అయిన హైన్రిఖ్ బూట్స్ మొదట సందేహించినా, తరువాత అంగీకరించాడు. ఉక్కు పరిశ్రమకు పేరుపొందిన క్రుప్ సంస్థ కూడా ధనసహాయం చేసింది. చదువు కోసం ఒంటరిగా వచ్చి చేరిన ఊరికే రుడాల్ఫ్ తన యంత్రం నిర్మించడానికి తిరిగి వచ్చాడు.

మొదటి యంత్రం నిలువుగా నిలబెట్టిన సుమారు మూడు మీటర్ల ఇనుప నిర్మాణం. 1893 ఆగస్టులో దానిని పరీక్షించారు. కర్మాగారంలోని ఆవిరి యంత్రానికి పట్టా తగిలించి దీనిని తిప్పారు. ఇంధనం చిమ్మగానే అది తనంతట తాను అంటుకుంది. అయితే ఆ దెబ్బకు పీడనాన్ని కొలిచే పరికరం పెద్ద చప్పుడుతో పగిలి ముక్కలు ఎగిరిపడ్డాయి. దగ్గరలో ఉన్నవారికి ప్రాణాపాయం తృటిలో తప్పింది. యంత్రం సొంతంగా నడవలేదు. అయినా రుడాల్ఫ్ నిరుత్సాహపడలేదు. వేడిగాలిలో ఇంధనం తానే మండుతుందన్న మాట రుజువైందని సంతోషించాడు. గ్రంథంలో తాను లెక్కకట్టినంత పీడనాన్ని ఆనాటి లోహాలు తట్టుకోలేవని గ్రహించి లెక్కలు సవరించుకున్నాడు.

1894 ఫిబ్రవరి 17న మరల పరీక్ష జరిగింది. ఎప్పటిలాగే ఆవిరి యంత్రపు పట్టా ఇంజనును తిప్పుతూ ఉంది. ఉన్నట్టుండి ఒక పనివానికి వింత కనిపించింది. పట్టా ఇంజనును లాగడం మాని, ఇంజనే పట్టాను లాగుతూ ఉంది. అతడు మాటాడకుండా తలమీది టోపీ తీసి గౌరవం తెలిపాడని చెబుతారు. ఆనాడు ఇంజను సొంత బలంతో 88 చుట్లు తిరిగింది. గడిచినది ఒక్క నిమిషమే అయినా, అది మొదటి విజయం.

అక్కడి నుండి నమ్మదగిన యంత్రం తయారు కావడానికి మరి మూడేళ్లు పట్టింది. కవాటాలు కాలిపోయేవి, తుంపర సరిగా పడేది కాదు, నల్లని పొగ కమ్మేది. ఒక్కొక్క లోపాన్నీ రుడాల్ఫ్, ఆయనతో పనిచేసే ఇంజనీర్లు, పనివారు ఓపికతో సరిదిద్దారు. 1897 ఫిబ్రవరిలో మ్యూనిక్ ఆచార్యుడు మోరిట్స్ ష్రోటర్ ఆ ఇంజనును అధికారికంగా పరీక్షించాడు. సుమారు ఇరవై అశ్వశక్తుల ఆ ఇంజను, ఇంధనంలోని వేడిలో నూటికి 26 పాళ్లను పనిగా మార్చింది. ఆనాటి ఇంజనులలో మరేదీ దానికి సాటి రాలేదు. విద్యార్థి దశలో చేసుకున్న నిశ్చయం ముప్పై తొమ్మిదవ ఏట నెరవేరింది.

రుడాల్ఫ్ పేరు దేశదేశాలకు పాకింది. ఇంజనును తయారుచేసుకొనే హక్కుల కోసం పలు దేశాల పారిశ్రామికులు పోటీపడ్డారు. అమెరికాలో ఆ హక్కును అడాల్ఫస్ బుష్ అనే వ్యాపారి పది లక్షల మార్కులకు కొన్నాడు. రుడాల్ఫ్ కోటీశ్వరుడయ్యాడు. మ్యూనిక్‌లో పెద్ద భవనం కట్టించాడు. అయితే సంపదతోపాటు చిక్కులూ వచ్చాయి. ఈ ఆలోచన తమదేనంటూ కొందరు వివాదాలు లేవదీశారు. మొదట అమ్మిన ఇంజనులు కొన్ని చోట్ల సరిగా పనిచేయక తిరిగి వచ్చాయి. ఏళ్ల తరబడి విశ్రాంతి లేని శ్రమ ఆయన ఆరోగ్యాన్ని దెబ్బతీసింది. 1898లో కొంతకాలం చికిత్సాలయంలో ఉండవలసి వచ్చింది.

1900లో పారిస్ నగరంలో గొప్ప ప్రపంచ ప్రదర్శన జరిగింది. పన్నెండేళ్ల ప్రాయంలో రుడాల్ఫ్ విడిచిపోవలసి వచ్చిన నగరమే ఆయన ఇంజనుకు అత్యున్నత బహుమతినిచ్చి గౌరవించింది. ఆ ప్రదర్శనలో మరొక విశేషం ఉంది. ఒట్టో సంస్థవారు ఉంచిన ఒక చిన్న డీజిల్ ఇంజను వేరుశనగ నూనెతో నడిచింది. ఫ్రాన్సు ప్రభుత్వం కోరినందువల్లనే ఆ ప్రయోగం జరిగింది. ఆనాడు ఆఫ్రికాలో ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న ప్రాంతాలలో వేరుశనగ విస్తారంగా పండేది. బొగ్గు గాని, చమురు గాని అక్కడికి దూరం నుండి తేవలసి వచ్చేది. పండిన గింజల నూనెతోనే యంత్రాలు నడిపితే ఆ ఖర్చు ఉండదని వారి ఆలోచన. ఖనిజ తైలం కోసం తయారైన ఇంజనులో ఏ మార్పూ చేయకుండానే వేరుశనగ నూనె పోశారు. అది ఎంత సాఫీగా నడిచిందంటే, ఆ సంగతి ప్రదర్శనకు వచ్చినవారిలో చాలామంది గమనించనే లేదు.

రుడాల్ఫ్ మొదటి ఇంజనును వేరుశనగ నూనె కోసమే నిర్మించాడని కొందరు వ్రాస్తూ ఉంటారు. అది సరికాదు. తొలి ప్రయోగాలు ఖనిజ తైలాలతోనే జరిగాయి, బొగ్గు పొడిని కూడా ఆయన వాడి చూశాడు. కాని మొక్కల నూనెల శక్తిని గుర్తించిన మాట నిజం. తరువాత తానుగా ఆ ప్రయోగాలు చేసి ఫలితాలను నిర్ధారించుకున్నాడు. రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఆముదంతో ఇంజను నడిపి చూసిన సంగతి, చేప నూనె వంటి జంతువుల నూనెలను పరీక్షించిన సంగతి కూడా ఆయన వివరించాడు. 1912లో లండన్‌లో యంత్ర ఇంజనీర్ల సంస్థ ఎదుట ఈ విషయాలు చదివి వినిపించాడు. ఇంధనంగా మొక్కల నూనెలు ఆనాటికి స్వల్ప విషయంగా తోచినా, కాలక్రమంలో ఖనిజ తైలంతో సమానమైన ప్రాముఖ్యం పొందవచ్చునని సూచించాడు. భూమిలోని బొగ్గు, చమురు నిల్వలు ఎన్నటికైనా తరిగిపోయేవే. ఎండ ఉన్నంతకాలం మొక్కలు పెరుగుతాయి, వాటి గింజలలో నూనె ఊరుతుంది. ఆ నూనెలో ఉన్నది సూర్యుని వేడేనని ఆయన గ్రహించాడు.

ఇంతలో డీజిల్ ఇంజను నీటిమీద ప్రయాణం మొదలుపెట్టింది. 1903లో రష్యాలోని వోల్గా నదిపై చమురు మోసే వండాల్ అనే నౌకలో దానిని అమర్చారు. దక్షిణ ధ్రువాన్ని మొదట చేరిన అముండ్‌సెన్ ప్రయాణించిన ఫ్రామ్ నౌకలోనూ డీజిల్ ఇంజనే ఉంది. 1912లో డెన్మార్కువారి సెలాండియా నౌక పొగ గొట్టం లేకుండా కోపెన్‌హేగన్ నుండి బాంగ్‌కాక్‌కు సాగి అందరినీ ఆశ్చర్యపరచింది. జలాంతర్గాములలో కూడా ఈ ఇంజను చేరింది. చిన్న పనివాని కోసం తలపెట్టిన యంత్రం, పెద్ద కంపెనీల చేతికీ, యుద్ధ నౌకలకూ చేరువైంది. రుడాల్ఫ్‌కు ఇది పూర్తి తృప్తి కలిగించలేదు. శ్రామికులు తమ పొదుపు సొమ్ము కలిపి, తామే యజమానులై పరిశ్రమలు నడుపుకొనే మార్గాన్ని వివరిస్తూ 1903లోనే ఆయన ఒక పుస్తకం వ్రాశాడు. పదివేల ప్రతులు అచ్చువేస్తే అమ్ముడైనవి కొద్ది వందలే. ఇంజనును ఆదరించిన లోకం ఆ పుస్తకాన్ని పట్టించుకోలేదు.

యంత్రాల విషయంలో ఎంతో సూక్ష్మబుద్ధి గల రుడాల్ఫ్ ధన వ్యవహారాలలో అంత నేర్పరి కాదు. స్థలాల కొనుగోలులోనూ, చమురు బావుల వ్యాపారంలోనూ పెట్టిన సొమ్ము పోయింది. పేటెంటు గడువులు ముగిసి రాబడి తగ్గింది. అప్పులు పెరిగాయి. పైకి మాత్రం వెనుకటి దర్జాతోనే బతుకు సాగించాడు. భారం ఎంతటిదో ఇంటివారికి కూడా తెలియనీయలేదు.

1913 సెప్టెంబరు 29న ఇంగ్లండులో జరిగే సమావేశానికి వెళ్లడానికి ఆయన బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ రేవులో డ్రెస్డెన్ అనే ఓడ ఎక్కాడు. వెంట ఇద్దరు పరిచయస్థులు ఉన్నారు. ముగ్గురూ రాత్రి భోజనం చేసి, కొంతసేపు డెక్కు మీద తిరిగి, ఎవరి గదులకు వారు వెళ్లారు. తెల్లవారి చూస్తే రుడాల్ఫ్ గదిలో లేడు. పడక నలగలేదు. ఆయన టోపీ, కోటు ఓడ వెనుకభాగంలో కమ్మీల దగ్గర కనిపించాయి. కొన్నాళ్లకు ఉత్తర సముద్రంలో ఒక డచ్చి పడవవారికి మృతదేహం దొరికింది. దాని మీది వస్తువులను చూసి అవి తన తండ్రివేనని చిన్న కుమారుడు ఆయ్‌గెన్ గుర్తించాడు. ఆ రాత్రి ఏమి జరిగిందో నేటికీ తేలలేదు. అప్పుల వేదన కారణమని కొందరు, ప్రమాదమని కొందరు, కుట్ర అని మరికొందరు ఊహించారు. మేలైన యంత్రాన్ని ఇచ్చిన మనిషికి తన కష్టం నలుగురితో చెప్పుకొనే చోటు దొరకలేదేమోనన్న విచారం మాత్రం ఆయన కథ చదివినవారికి మిగులుతుంది.

ఆయన జీవించి ఉండగా డీజిల్ ఇంజను బరువైనది. నూనెను లోపలికి చిమ్మడానికి గాలిని నొక్కే పెద్ద సాధనం వేరుగా ఉండవలసి వచ్చేది. అందువల్ల అది బండ్లకు పనికిరాలేదు. తరువాతి ఇంజనీర్లు నూనెను నేరుగా పంపుతో చిమ్మే పద్ధతి కనిపెట్టారు. 1924 నాటికి జర్మనీలో డీజిల్ లారీలు వచ్చాయి. 1936లో డీజిల్ కారు కూడా మార్కెట్టులోకి వచ్చింది. అప్పటికి ఖనిజ తైలం విరివిగా, చౌకగా దొరుకుతూ ఉంది. పెట్రోలు తీయగా మిగిలే ఒక భాగానికి డీజిల్ అని పేరుపెట్టి, ఇంజనులను దానికే తగినట్లు తీర్చిదిద్దారు. మొక్కల నూనెల మాట మరుగున పడింది.

మొక్కల నూనెను నేరుగా వాడడంలో ఒక ఇబ్బంది ఉంది. అది డీజిల్ కంటే పదిరెట్లకు పైగా చిక్కన. చలికి మరీ గడ్డకడుతుంది. చిక్కని నూనె సన్నని తుంపరగా విడిపోదు. సగం మండి మసిగా మారి, నూనె చిమ్మే రంధ్రాలను మూసివేస్తుంది. కొద్ది గంటలు బాగా నడిచిన ఇంజను కూడా నెలల తరబడి వాడితే మొరాయిస్తుంది. దీనికి పరిష్కారం చూపినవాడు బెల్జియం శాస్త్రజ్ఞుడు షావాన్. 1937లో ఆయన తాటిజాతికి చెందిన పామాయిల్‌ను సారాయితో కలిపి రసాయన చర్య జరిపి, పలుచని ఇంధనంగా మార్చే పద్ధతికి పేటెంటు పొందాడు. మరుసటి ఏడు ఆ ఇంధనంతో బ్రస్సెల్స్, లూవెన్ నగరాల మధ్య బస్సు నడిచింది. నేడు బయోడీజిల్ అని పిలిచేది దీనినే. ఇప్పుడు చాలా చోట్ల మిథనాల్ వాడతారు. వంద కిలోల నూనెకు సుమారు పది కిలోల మిథనాల్ కలిపి, కాస్టిక్ సోడా వంటి క్షారం సహాయంతో చర్య జరిపితే, దాదాపు వంద కిలోల బయోడీజిల్, పది కిలోల గ్లిసరిన్ వస్తాయి. మిథనాల్ విషం, త్వరగా అంటుకొనేది. కనుక ఇది కర్మాగారాలలో జాగ్రత్తగా చేయవలసిన పని. ఇంట్లో ప్రయత్నించకూడదు.

1973లో ప్రపంచంలో చమురు ధరలు ఒక్కసారిగా పెరిగినప్పుడు మరచిపోయిన ఆలోచన అందరికీ గుర్తుకువచ్చింది. ఐరోపాలో ఆవజాతి గింజల నూనె నుండి, అమెరికా, బ్రెజిల్ దేశాలలో సోయా నూనె నుండి, ఇండోనేషియాలో పామాయిల్ నుండి బయోడీజిల్ తయారుచేసి మామూలు డీజిల్‌లో కలపడం మొదలుపెట్టారు. మన దేశంలో వంటనూనెలే చాలక దిగుమతి చేసుకుంటున్నాం. కనుక తినడానికి పనికిరాని నూనెల వైపు దృష్టి మళ్లింది. అందులో ముఖ్యమైనది కానుగ. ఈ చెట్టునే కన్నడిగులు హొంగె అంటారు, తమిళులు పుంగం అంటారు, మరాఠీ, ఒడియా సీమలలో కరంజ అంటారు. దాని చల్లని నీడ మన అందరికీ పరిచితమే. బెంగుళూరులోని భారత విజ్ఞాన సంస్థ శాస్త్రజ్ఞులు 1990వ దశకం చివర హొంగె నూనెతో ఇంజనులు నడిపి కర్ణాటక పల్లెలలో నీరు తోడించారు. ఆదిలాబాదు అడవులలోని పవర్‌గూడ అనే గోండు గూడెంలో మహిళా సంఘాలవారు కానుగ గింజలు సేకరించి నూనె తీశారు. ఆ నూనె వాడకం వల్ల గాలిలో చేరకుండా మిగిలే 147 టన్నుల బొగ్గుపులుసు వాయువుకు ప్రతిఫలంగా 2003లో ప్రపంచ బ్యాంకు వారికి 645 డాలర్లు చెల్లించింది. చిన్న పనివారి చేతికి శక్తి అందాలన్న రుడాల్ఫ్ కోరిక ఆ గూడెంలో కొంతవరకైనా నెరవేరింది.

ఈ దారి అంతా సాఫీ కాదు. ఆహారం పండే నేలలో ఇంధనం పండిస్తే తిండి ధరలు పెరుగుతాయి. కొన్ని దేశాలలో పామాయిల్ తోటల కోసం అడవులు నరికివేశారు. మన దేశంలో 2003 తరువాత అడవి ఆముదం మొక్కలను బీడు భూముల్లో ఎంతో ఆశతో నాటారు. నీరు, పోషణ లేనిచోట అవి అనుకున్నంత గింజలు ఇవ్వలేదు. నాటిన రైతులు నష్టపోయారు. ఈ అనుభవంతోనే 2018 నాటి జాతీయ విధానంలో తినని నూనెలకూ, ఒకసారి వంటకు వాడిన నూనెకూ ప్రాధాన్యమిచ్చారు. 2030 నాటికి డీజిల్‌లో నూటికి అయిదు పాళ్లు బయోడీజిల్ కలపాలని లక్ష్యంగా పెట్టుకున్నారు. పలుమార్లు కాచిన నూనె తింటే ఆరోగ్యానికి హాని. అది మురుగు కాలువలో పోయడం నీటికి హాని. అదే నూనె శుద్ధిచేస్తే బస్సుకు ఇంధనమవుతుంది.

రుడాల్ఫ్ డీజిల్ తరగతి గదిలో విన్న ఒక్క పాఠాన్ని మరువక, దాదాపు ఇరవై ఏళ్లు దాని వెంట నడిచాడు. దేవుడిచ్చిన సంపదను గాని, మనిషి పడిన శ్రమను గాని వృథా చేయరాదన్నదే ఆయన నమ్మిక. ఆయన యంత్రం నేడు కోట్ల సంఖ్యలో పనిచేస్తూ ఉంది. దాని పొగ వల్ల కలిగే కీడును తగ్గించే పని, దానికి తగిన మేలైన ఇంధనాన్ని సమకూర్చే పని ఇంకా మిగిలి ఉన్నాయి. అవి నేటి విద్యార్థులు చేయవలసినవి. కానుగ చెట్టు నీడలో రాలిన కాయలు కాలికి తగిలినప్పుడు, వాటిలోని గింజలకు కూడా ఒక యంత్రాన్ని నడిపే బలం ఉందని, ఆ యంత్రానికి ఒక మనిషి తన పేరునే కాక జీవితాన్ని కూడా ధారపోశాడని గుర్తుంచుకోవాలి.